హెడ్‌లైటు డోములో నీలం పూలు

బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ఖాళీ చేస్తూ మా తమ్ముడు ఒక ఆదివారం పొద్దున్నే మా ఫ్లాటుకి వచ్చి, సంచిలోంచి ఇనప గిన్నె లాంటిదొకటి తీసి టీపాయ్ మీద ధడాలున పెట్టాడు. కింద ఉన్నది అద్దం అన్న ధ్యాస వాడికి లేదు. అది గిన్నె కాదు. పాతకాలపు లారీలకి హెడ్‌లైటు వెనకాల బిగించే డోము. అంచున మూడు బెజ్జాలు, ఒకదానికి తుప్పు పట్టిన గొలుసు ముక్క, అడుగున మేకుతో కొట్టిన చిల్లులు. పైన ఆకుపచ్చ రంగు, అది లేచిపోయిన చోట ఎరుపు, ఎరుపు లేచిపోయిన చోట పసుపు. ఏ లారీకి వేయగా మిగిలిన రంగు ఆ ఏడాది దీనికి వేసేవారు. "పాతినప సామాన్లలో వేసెయ్యబోయి ఆగానక్కా. దేనికన్నా పనికొస్తుందేమో చూడు" అన్నాడు. మా ఇంట్లో ఏ వస్తువు గురించైనా మొదట వచ్చే మాట అదే. మా అందరికీ అది మా నాయనమ్మ పెట్టిన అలవాటు. కాఫీ తాగుతూ వాడు షెడ్డు సంగతులు చెప్పాడు. లారీ బాడీలు ఇప్పుడు తయారై వచ్చేస్తున్నాయనీ, చెక్కపని తెలిసినవాళ్ళు దొరకడం లేదనీ, షెడ్డు ఇంకెవరికో అద్దెకిచ్చేస్తున్నాననీ. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను, కానీ చూపంతా డోము మీదే ఉంది. వాడు వెళ్ళాక దాన్ని సింకులో పెట్టి కడిగాను. నీళ్ళు అడుగు చిల్లుల్లోంచి ఎప్పట్లాగే సన్నగా కారిపోయాయి.

మా నాన్న లారీ బాడీలు కట్టేవాడు. షెడ్డు ముందు భాగంలో లారీలు, వెనక రెండు గదులు, రేకుల వసారా. అదే మా ఇల్లు. పొద్దున్న లేచేసరికి రంపప్పొట్టు వాసన, మధ్యాహ్నానికి టిన్నరు వాసన, సాయంత్రం వెల్డింగు వాసన. వీటన్నిటి మధ్యలోంచి దారి చేసుకుని మా అమ్మ పోపు వాసన రావాలి. వచ్చేది కూడా. షెడ్డులో పనిచేసేవాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అమ్మ పొద్దున్నే పొయ్యి రాజేస్తే ఎసరు మీద ఎసరు, అన్నం వార్చడం, పప్పు మెదపడం, మళ్ళీ గిన్నెలు తోమడం. ఆమె కూర్చుని ఉండగా చూసిన జ్ఞాపకం నాకు దాదాపు లేదు. నాయనమ్మది కంకిపాడు దగ్గర పల్లె. తాతయ్య పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన మొదటి రోజు దొడ్లో కాలి బొటనవేలితో నేల గీకి చూసి, "ఇదేం నేలరా అబ్బాయ్! ఇనప రజనూ గ్రీజూ తప్ప మన్నేదీ?" అంది. తర్వాత ఊరు వెళ్ళినప్పుడల్లా కాలవగట్టు ఒండ్రు గోతాల్లో నింపి, మనం బాడీ కట్టిన లారీయే కదా అని దాంట్లో వేయించుకుని వచ్చేది. నాన్న చేత డీజిలు డ్రమ్ములు అడ్డంగా కోయించి తోటకూర, బచ్చలి, గోంగూర, మిరప వేసింది. తల్లో పెట్టుకోవడానికి ఒక కనకాంబరం, పూజకి ఒక తులసి. ప్రతి డ్రమ్ముకీ ఒక పని ఉంది. పని లేని మొక్క మొలిస్తే ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూనే పీకేసేది.

అలాంటి ఇంట్లోకి మా అమ్మ లోబీలియా అనే పూలమొక్కని తెచ్చింది. ఒక చలికాలం నాన్న మమ్మల్ని బెజవాడలో ఏదో పూల ప్రదర్శనకి తీసుకువెళ్ళాడు. గులాబీలు, చేమంతులు, ఇంత ఇంత డేలియాలు. అందరూ వాటి దగ్గర మూగారు. అమ్మ మాత్రం ఒక మూల ఆగిపోయింది. అక్కడ వేలాడదీసిన తొట్లలోంచి సన్నటి తీగల్లాంటి కొమ్మలు కిందికి జారుతున్నాయి. వాటి నిండా చిటికెన వేలి గోరంత పూలు, ఒక్కొక్క పువ్వు మధ్య తెల్లటి చుక్క. ఆ నీలం నేను చీరల్లో చూశాను గానీ మొక్క మీద అప్పటిదాకా చూడలేదు. నాన్న రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిస్తే అమ్మ, "మీరు వెళ్ళి టీ తాగి రండి" అంది. మా అమ్మ నాన్నని అలా పంపించేయడం నాకు వింతగా తోచింది. ఆ స్టాలతన్ని అడిగి పేరు తెలుసుకుంది, మరుసటి ఏడు దసరా వెళ్ళగానే విత్తనాల కొట్లో పొట్లం తెప్పించుకుంది. నాయనమ్మ పొట్లం విప్పి చూసి ముక్కున వేలేసుకుంది. లోపల ఉన్నది అచ్చం ముక్కుపొడి. ముక్కుపొడి గురించి మా నాయనమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు, రొంటిన డబ్బీ లేకుండా ఆమె గడప దాటేది కాదు. "తుమ్మితే నీ పంటంతా పోయిద్దమ్మాయ్" అంది. ఆ తర్వాత మామూలు ప్రశ్నలు మొదలయ్యాయి.

"వాసనుంటదా?"

"ఉండదటండీ అత్తయ్యా."

"తల్లో పెట్టుకుంటారా?"

"మాల కట్టడానికి కాడ ఉండదు."

"దేవుడికి పెడతారా?"

"పెట్టరనుకుంటా."

"పోనీ మందుకన్నా పనికొచ్చిద్దా? గొడ్డన్నా తినిద్దా?" అమ్మ తల అడ్డంగా ఊపింది. "అయితే నీళ్ళు దండగ" అని తేల్చేసి నాయనమ్మ డబ్బీ తీసింది.

అయినా అమ్మ వసారా చివర ఒక పాత గ్రీజు డబ్బాలో మట్టి నింపి, ఆ పొడి చల్లింది. వడ్డించే వేళయింది. ఎవరో మంచినీళ్ళు అడిగారు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళింది. నాయనమ్మ అటువైపు వచ్చి చూసింది. మొక్క దండగే అయినా, చల్లిన విత్తు అలా ఎండకీ పిచ్చుకలకీ వదిలేసి ఉంటే ఆమె ప్రాణం ఒప్పుకోలేదు. కంకిపాడు వైపు నారు పోసిన ఏ మనిషికీ ఒప్పుకోదు. వేలెడు మందాన మట్టి కప్పింది, అరచేత్తో అదిమింది, పైన వరిగడ్డి పరిచింది, చెంబెడు నీళ్ళు ధారగా పోసింది. అంతా శ్రద్ధగా, సొంత మడికి చేసినట్టే చేసింది. అమ్మ రోజూ పొద్దున్నే గడ్డి ఎత్తి చూసేది. ఉలుకూ పలుకూ లేదు. దీపావళి వెళ్ళింది, కార్తీకం సగమైంది, డబ్బాలో గడ్డి కుళ్ళిన వాసన తప్ప ఏమీ లేదు. ఒకరోజు అమ్మ మట్టి పుల్లతో కెలికి, విత్తనాల మీద ఎంత మన్ను పడిందో చూసి, ఎవరు కప్పారని అడిగింది.

"నేనే కప్పా. కప్పకుండా ఎవరన్నా ఇత్తనం ఎదజల్లుతారా?" అంది నాయనమ్మ.

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని చుట్టాల్లో పేరు. ఆ రోజు గరిటె చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చింది. గొంతు పెద్దది చేయలేదు. "మీకిష్టం లేకపోతే చెప్పాల్సింది అత్తయ్యా, చంపెయ్యడం దేనికి? ఈ ఇంట్లో అన్నీ పనికొచ్చేవే. తోటకూర పనికొస్తుంది, తులసి పనికొస్తుంది. నేనూ పొద్దున లేచింది మొదలు పనికొస్తూనే ఉన్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఊరికే ఉంటే మీకేం పోయింది?" అంది. షెడ్డులో రంపం ఆగింది. అన్నాలు తింటున్నవాళ్ళు కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు. నాన్న అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడి, కాసేపయ్యాక ఏదో బోల్టు వెతుక్కోవడానికన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం, "నేను కావాలని చేశాననుకుంటన్నావా అమ్మాయ్?" అని ఒక్కమాట అంది. అమ్మ గరిటెతో లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా నా ద్వారానే అడిగేవారు. మా తమ్ముడు అప్పటికింకా పాకుతున్నాడు కాబట్టి ఆ రాయబారమంతా నేను ఒక్కదాన్నే మోశాను, ఇద్దరి చేతా తిట్లూ తిన్నాను.

మా వసారాలో మంచినీళ్ళ కుండ కింద ఇసుక పోసి ఉండేది. కుండ చెమ్మకి అది ఎప్పుడూ తడిగా ఉండేది. ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ చెంబు ముంచబోయి వంగి, అలాగే ఉండిపోయింది. నడుము పట్టేసిందేమో అనుకుని నేను దగ్గరికి వెళ్ళాను. ఇసుక మీద ఒక పక్కగా పాచి పట్టినట్టు పచ్చగా ఉంది. పాచి కాదు. కళ్ళు దగ్గర పెట్టి చూస్తే ఆవగింజలో సగం కూడా లేని ఆకులు, రెండేసి. నాయనమ్మ ఆనాడు పొట్లం విప్పి చూసింది ఆ కుండ పక్కనే, పొడి కాస్త అక్కడ రాలింది. నాయనమ్మ చాలాసేపు చూసింది. కుండని చూసింది, ఇసుకని చూసింది, వసారాలోకి పడుతున్న వెలుతురుని చూసింది. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, నాతో కాకుండా నేరుగా అమ్మతోనే మాట్లాడింది. "అమ్మాయ్, ఇట్రా. పైన పడ్డయ్యే మొలిచినయ్. కింద నుంచి చెమ్మ తగిలితే చాలంట దీనికి. మన్ను కప్పి నేనే చంపా." అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఇద్దరూ ఆ కుండ దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఆ పూట అన్నం మాడింది, అందరూ అదే తిన్నారు.

ఆ నారు నాయనమ్మే తీసింది. ఒక్కొక్క మొక్క తీయడం ఎవరి తరమూ కాదు. వరినారు కుదుళ్ళు పెట్టినట్టు గుంపుగా, నాలుగైదు కలిపి, చీపురుపుల్ల కొసతో లేవదీసింది. ఎందులో నాటాలన్న ప్రశ్నకి నాన్న జవాబు తెచ్చాడు. పాత లారీ హెడ్‌లైటు డోము తీసుకుని, అడుగున చిల్లులు కొట్టి, అంచుకి మూడు గొలుసులు తగిలించాడు. రాజీ కుదిరినందుకు ఆయన కట్నం అదీ. ఇనుము ఎండకి కాలితే మొక్క వేళ్ళు ఉడికిపోతాయని నాయనమ్మ లోపల తడిపిన గోనెపట్టా పరిచింది, దాని మీద ఒండ్రుమన్నూ, మాగిన పేడా, కాస్త ఇసుకా. నీళ్ళు పైనుంచి పోయనిచ్చేది కాదు. డోముని గొలుసుతో సహా దించి నీళ్ళ బేసిన్లో కాసేపు కూర్చోబెట్టడమే. పొద్దున ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ పడాలి. అందుకని రోజూ రెండుసార్లు కొక్కెం మార్చేవాళ్ళు. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయే వేళకి డోము నిండి, అంచు దాటి, నీలం కిందికి జారడం మొదలుపెట్టింది. బాడీ కట్టించుకోవడానికి వచ్చిన లారీ ఓనర్లు తల తగిలించుకుని, "ఏంటండీ ఇదీ, లైటా?" అనేవారు. అమ్మ వార్చిన గంజి పారబోయడానికి బయటికి వచ్చినప్పుడల్లా దాని కింద ఒక్క నిమిషం నిలబడేది. ముట్టుకునేది కాదు, కోసేది కాదు. చూసేది, లోపలికి వెళ్ళేది. ఆ ఒక్క నిమిషం ఆమెని ఎవరూ పిలిచేవారు కాదు, నాన్నతో సహా.

తర్వాత ఇంకో చిన్న యుద్ధం కూడా జరిగింది. మొదటి విడత పూలు వాడి మొక్క పీలగా తయారైతే నాయనమ్మ కత్తెర తెచ్చి సగానికి కత్తిరించేసింది. అమ్మ "అయ్యో అయ్యో" అని పరుగెత్తుకొచ్చింది. "అరవమాక. గోంగూర కొసలు తుంచితే దుబ్బు కట్టదా? ఇదీ అంతే" అంది నాయనమ్మ. అలాగే అయింది, మళ్ళీ పూసింది. కానీ శివరాత్రి దాటి ఎండలు ముదిరాక మాత్రం ఎవరి విద్యా పనిచేయలేదు. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. ఆకులు మాడి, కొమ్మలు పురికొసల్లా అయ్యాయి. అమ్మ తడి గుడ్డ కప్పింది, కుండ పక్కన పెట్టింది, లాభం లేదు. "దాని కాలం అయిపోయింది. పీకేసి మళ్ళీ దసరాకి చల్లు" అంది నాయనమ్మ, తనే వెళ్ళి మాగిన పేడ ఒక గోతంలో కట్టి దాచింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ అదే తంతు. విత్తనం పొడిని సన్న ఇసుకలో కలిపి, రెండు వేళ్ళతో ముక్కుపొడి పట్టినట్టు పట్టి చల్లడం నాయనమ్మ పని. ఆ చిటిక ఆమెకి తప్ప మా ఎవరికీ కుదిరేది కాదు. చల్లుతూ మాత్రం, "మేక కూడా ముట్టని మొక్కకి ఇంత సేవా?" అని సణిగేది. సణగకుండా ఏ పనీ చేయడం ఆమెకి చేతకాదు.

నేను కాలేజీలో చేరిన ఏడు నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మూతి వంకర తిరిగింది, మాట ముద్దగా అయింది. వసారాలో, కుండ ఎదురుగా మంచం వేశారు. మొదటి రోజుల్లో ఆమె అడిగిందల్లా పని. చింతపండు ఇవ్వండి గింజలు తీస్తాను, చిక్కుళ్ళు ఇవ్వండి ఈనెలు తీస్తాను. ఇచ్చేవాళ్ళం. ఎడమ చేత్తో ఒక్క కాయ పట్టుకుని ఆ ఈనె లాగలేక, కాయలన్నీ మంచం కిందికి దొర్లిపోయేవి. మా అమ్మ ఏరుకుని వెళ్ళేది. ఒకరోజు అమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతుంటే నాయనమ్మ మొహం తిప్పేసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు ఒకవైపే కారుతున్నాయి. "ఒద్దమ్మాయ్. కూటికి చేటు, నేలకి బరువు. దేనికీ పనికిరాని దాన్ని, నాకెందుకు తిండి దండగ?" అంది. ఆ ముద్దమాట మాకు అర్థమవడానికి రెండుసార్లు అనాల్సి వచ్చింది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు భయమేసింది. గాలీ వానా లేని రోజు షెడ్డు కూలినట్టనిపించింది.

అమ్మ కంచం కింద పెట్టింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, వసారా చివర వేలాడుతున్న డోముని దించి, మంచానికి ఎదురుగా, పడుకుంటే కంటికి ఆనేటట్టు తగిలించింది. అప్పుడప్పుడే పూత మొదలైంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఇదేం పని చేస్తోందని ఇన్నేళ్ళూ నీళ్ళు పెట్టారత్తయ్యా? ఉంటే బాగుందనేగా? మీరూ ఉండండి. ఊరికే ఉండండి. మీరుంటే బాగుంటుంది నాకు" అంది, ఇంకో ముద్ద కలిపింది. నాయనమ్మ ఆ ముద్ద తిన్నదో లేదో నాకు గుర్తు లేదు. అమ్మ మాత్రం ఆ మాట చాలా మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అంది. అందుకే కాబోలు ఇన్నేళ్ళయినా నాకు ఆ గొంతు కూడా వినబడుతుంది.

నాయనమ్మ వెంటనే పోలేదు. మరి కొన్ని చలికాలాలు ఉంది. దసరా వెళ్ళగానే మంచం మీదనుంచే ఎడమ చెయ్యి ఆడిస్తూ "కప్పమాక, మన్ను కప్పమాక" అని అందరి కంటే ముందు అరిచేది, చల్లుతున్నది అమ్మే అయినా సరే. ఒకసారి ఊరి నుంచి వరసకి చెల్లెలయ్యే ఆవిడ చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళంతా చేసే పనే చేసింది, మంచం పక్కన కూర్చుని నిట్టూర్చింది. "ఎంత పని చేసిన మనిషివక్కయ్యా, గంపెడు నారు ఒక్కదానివే మోసేదానివి. ఇట్టా అయిపోతివే" అంది. మాటకి మాట అందకపోయేసరికి పైకి చూసి, "ఇదేం పువ్వు? ఎందుకు పెంచుతున్నారు, ఏ మందుకన్నానా?" అని అడిగింది. నాయనమ్మ డోము వంక చూసింది. వంకర మూతితోనే నవ్వింది.

"ఊరికేనే," అంది. "నాకు మల్లే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు కంకిపాడు రోడ్డు పొడుగునా నర్సరీలే. నవంబరు వచ్చేసరికి లోబీలియా ప్లాస్టిక్ తొట్లలో పూలతో సహా సిద్ధంగా దొరుకుతుంది, కొబ్బరిపొట్టు మట్టిలో, పేరు చీటీ గుచ్చి. మా అపార్ట్‌మెంట్లో నాలుగైదు బాల్కనీల్లో వేలాడుతోంది. ఎండలకి పోతే పారేసి మళ్ళీ ఏడాది ఇంకోటి కొంటారు. తప్పేం లేదు, పువ్వు అదే నీలం. కుండ కింద ఇసుక మాత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు, అందుకని ఏది ఎక్కడ రాలినా మొలవడానికి చోటు లేదు. అమ్మ, నాన్న కూడా వెళ్ళిపోయారు. నేను బ్యాంకులో రిటైరయ్యాను, మోకాలి ఆపరేషన్ అయ్యాక నడక కూడా తగ్గింది. లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళూ "ఖాళీగా ఎలా గడుస్తోందండీ మేడమ్?" అని అడుగుతారు. ఖాళీ ఎక్కడిదండీ అని పెద్ద చిట్టా చెబుతుంటాను. యోగా అనీ, మనవరాలి హోంవర్కు అనీ, అసోసియేషన్ పనులనీ. అందులో సగం అబద్ధం. సిగ్గేస్తుంది కాబట్టి చెబుతాను. పనికొస్తున్నామని రుజువు చూపించకపోతే కుర్చీలో కూర్చునే హక్కు లేదేమో అని లోపల ఒక దిగులు. మా నాయనమ్మ పోలికలన్నీ నాకు వచ్చాయంటారు, ఇదీ వచ్చినట్టుంది.

దసరా వెళ్ళాక ఒక పొట్లం తెప్పించాను. డోముని ఇసకకాగితంతో రుద్దాను కానీ రంగు వేయలేదు, ఆ మూడు రంగులూ అలాగే ఉంచాను. గోనెపట్టా దొరక్కపోతే బియ్యం సంచి అడుగు కత్తిరించి పరిచాను. రెండు వేళ్ళతో పట్టి చల్లాను, నాకూ ఆ చిటిక కుదరలేదు, ఒకచోట కుప్పగా పడింది. మన్ను మాత్రం కప్పలేదు. మొలిచాక కొత్త గొలుసులు వేయించి బాల్కనీలో తగిలించాను. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. షెడ్డు తాళాలు ఇచ్చేశానని చెప్పి, చాలాసేపు ఊరికే లైన్లో ఉండి, మాట మార్చడానికన్నట్టు అడిగాడు.

"అక్కా, ఆ డోము దేనికన్నా పనికొచ్చిందా?"

పైకి చూశాను. నీలం అంచు దాటి కిందికి జారుతోంది. దాని కింద కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను.

"లేదురా" అన్నాను. "ఊరికే ఉంది. ఇద్దరం ఊరికే ఉన్నాం."